పంక్తిలో వలపక్షం



హోటల్లో తినడం తప్పా? ఈ మధ్య మన విచారణల్లో తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఇది. పొద్దున్నే మోత్కూర్‌లో బస్సెక్కినవాళ్లు భువనగిరి మీదుగా హైదరాబాదు చేరి, పని చూసుకొని, బిర్యానీ తిని, ఇరానీ చాయ్ తాగి, పిల్లలకు ఐస్‌క్రీం తినిపించి రాత్రికల్లా ఇంట్లో ఉంటున్నారు. అంత దూరం పోని వాళ్లకు దగ్గరి పట్నాల్లోనే 'ఫ్యామిలీ రెస్టారెంట్' బోర్డులు కనబడుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. "కుండలో అన్నం ఉండగా బయట వందలకు వందలు తగలేస్తారా?" అని గొణుగుతారు. "మా కష్టార్జితం, మా ఇష్టం" అని పిల్లలు జవాబు చెబుతారు.

ఈ వాదంలో ఇద్దరూ చూస్తున్నది బిల్లునే. బల్లను ఎవరూ చూడటం లేదు. బిల్లు ఎంతయింది అన్నది ఇంటి లెక్క. అది ఏ ఇంటి తాహతును బట్టి ఆ ఇల్లు తేల్చుకోవాలి. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరిని అసలు లోపలికే రానివ్వలేదు అన్నది ధర్మం లెక్క.

మన భాషలో ఒక పాత మాట ఉంది: పంక్తిలో వలపక్షం. వరసగా ఆకుల ముందు కూర్చున్నవాళ్లలో తనవాడికి నెయ్యి ధార కట్టి, పక్కవాడికి గరిటె చూపించి దాటిపోవడం. తిండి పెట్టనివాడు పిసినారి, అంతే. పంక్తిలో కూర్చోబెట్టి వలపక్షం చూపేవాడిని మాత్రం లోకం క్షమించదు. ఎందుకంటే వాడు అన్నంతోపాటు అవమానాన్ని కూడా వడ్డించాడు. హోటల్ తిండిని గురించి విశ్వాసి వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని నాకు తోస్తుంది. హోటల్లో తినడం పాపం కాదు. పంక్తిలో వలపక్షం పాపం.

హోటల్ అంటే విలాసమని, దుబారా అని ఒక్క మాటలో కొట్టిపారేసే ముందు మన ప్రాంతంలో హోటల్ చరిత్ర ఏమిటో గుర్తు చేసుకోవాలి. తెలంగాణ పల్లెల్లోనూ, కోస్తా పల్లెల్లోనూ చాయ్ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. ఊరివాళ్లకు లోపల బల్ల మీద ఒక గ్లాసు. మాల మాదిగలకు బయట, చూరు కిందనో గోడ పక్కనో విడిగా పెట్టిన గ్లాసు. వాళ్లు నిలబడో, నేల మీద గొంతుకూర్చునో తాగాలి. తాగిన గ్లాసును తామే కడిగి ఎక్కడిదక్కడ పెట్టిపోవాలి. చాయ్ అదే, పొయ్యి అదే, పుచ్చుకున్న పైసలూ అవే. వలపక్షమంతా గ్లాసులో ఉంది.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం ఈ సంగతిని చిన్నదిగా తీసుకోలేదు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంతటితో ఆగకుండా 15వ అధికరణం దుకాణాలను, హోటళ్లను, భోజనశాలలను పేరుపెట్టి మరీ చెప్పింది: మతం వల్లగాని, కులం వల్లగాని, పుట్టిన చోటు వల్లగాని అక్కడ ఎవరినీ అడ్డగించకూడదని. ఒక దేశపు మూలశాసనంలో హోటల్ ప్రస్తావన ఎందుకు వచ్చిందో మన తాతలనడిగితే చెబుతారు. 1955లో అంటరానితనం నేరాల చట్టం, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. అయినా ఆ రెండో గ్లాసు చాలా ఊళ్లలో దశాబ్దాలపాటు చూరు కిందనే ఉండిపోయింది. 1976లో నల్గొండ మేత్రాసనం ఏర్పడిన నాటికి కూడా, ఆదివారం దివ్యబలిపూజలో అందరితోపాటు ఒకే చాప మీద కూర్చున్నవాళ్లలో ఎందరో, పూజ ముగిశాక చాయ్ కొట్టు బయట నిలబడవలసిన స్థితిలోనే ఉన్నారు.

పట్నం దారి వేరుగా ఉండేది. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో హైదరాబాదులో చాయ్‌ఖానాలు పెట్టారు. ఆ హోటళ్లలో రిక్షా తొక్కేవాడు, ఆఫీసు గుమాస్తా, కాలేజీ విద్యార్థి పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని అదే సాసర్లో ఉస్మానియా బిస్కట్ ముంచుకొని తినేవారు. 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్లో ఐస్‌క్రీం దుకాణాలు వెలిశాక ఆ ఆవరణలో కుర్చీలు వేసుకొని సీతాఫలం ఐస్‌క్రీం తినే కుటుంబాలను ఎవరూ "మీరెవరు?" అని అడగలేదు. పట్నంలో అసమానత్వం లేదని కాదు. అయితే గల్లా దగ్గర కూర్చున్నవాడు పైసలు లెక్కపెట్టుకున్నాడేగాని పుట్టుక లెక్కపెట్టలేదు. కూలికోసం, చదువుకోసం ఊరు వదిలి వెళ్లిన మనవాళ్లకు ఆ కుర్చీయే ఒక విడుదల. కాబట్టి తాత బయట నిలబడి తాగిన చాయ్‌ని మనవడు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని తాగుతుంటే, దాన్ని వట్టి జిహ్వచాపల్యమని అనకండి. వాడు కడుపు నింపుకోవడానికి మాత్రమే అక్కడ కూర్చోలేదు.

ఈ ఆరాటం మనదొక్కరిదే కాదు. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ అనే పెద్ద దుకాణానికి వెళ్లారు. చిన్న చిన్న సామాన్లు కొన్నారు. దుకాణం వాళ్ల డబ్బు పుచ్చుకుంది. తరువాత అదే దుకాణంలోని భోజనపు బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. అక్కడ తెల్లవారికే వడ్డిస్తామన్నారు. వాళ్లు లేవలేదు, గొడవ చేయలేదు, దుకాణం మూసేదాకా అలాగే కూర్చున్నారు. మర్నాడు మరికొందరు వచ్చారు; కొద్ది రోజుల్లో అది ఊరూరా పాకింది. దాదాపు ఆరు నెలల తరువాత జులై 25న ఆ బల్ల అందరికీ తెరుచుకుంది. ఆ రోజు అక్కడ మొట్టమొదట కూర్చుని తిన్న నల్లజాతివారెవరో తెలుసా? ఆ దుకాణంలోనే పనిచేస్తున్నవారు. తాము పనిచేసే చోటే, అంతకాలం తమకు చోటులేని బల్ల దగ్గర, వాళ్లు మొదటిసారి కూర్చున్నారు.

ఆ ముగింపును మనం కాసేపు మనసులో పెట్టుకోవాలి. బల్ల తెరుచుకోవడమంటే బయటివాడు లోపలికి రావడం మాత్రమే కాదు. వడ్డించేవాడు కూడా మనిషిలా కూర్చోగలగాలి.

సువార్తలు చదివితే యేసుప్రభువు ఎన్ని ఇళ్లలో భోంచేశాడో చూడండి. సుంకరి అయిన లేవి ఇంట్లో, పరిసయ్యుడైన సీమోను ఇంట్లో, యెరికోలో జక్కయ్య ఇంట్లో. ఆయన భోజనాన్ని అసహ్యించుకోలేదు. తిండిపోతని, తాగుబోతని తనను నిందించినా విందులకు వెళ్లడం మానలేదు. ఆయన మీద పడిన అసలు నింద తిండిని గురించి కాదు. ఎవరితో కూర్చుని తింటున్నాడన్నదాన్ని గురించి. తొలి సంఘంలో కూడా పెద్ద తగవు పుట్టింది పంక్తి దగ్గరే. అంతియోకియలో అన్యులతో కలిసి తింటూ వచ్చిన పేతురుగారు, యూదుల నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి వేరుగా కూర్చున్నారు. పునీత పౌలుగారు ఆయనను అందరి ఎదుటనే నిలదీశారు. గలతీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. ఒక పూట భోజనంలో చోటు మార్చుకోవడాన్ని పౌలుగారు మర్యాద లోపంగా చూడలేదు. సువార్త సత్యానికే ద్రోహంగా చూశారు. కొరింతులో ప్రభు భోజనానికి వచ్చి కొందరు సుష్టుగా తింటుంటే మరికొందరు ఆకలితో చూస్తూ కూర్చున్నారని తెలిసినప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. పునీత యాకోబుగారి లేఖ రెండవ అధ్యాయంలో బంగారు ఉంగరం వేసుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని పక్కన నిలబెట్టేవాళ్లకు పడిన మొట్టికాయ మీకు తెలిసిందే.

ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. నిన్న బయట నిలబడ్డ మనకు ఈ రోజు కుర్చీ దొరికింది. మన కుర్చీ వెనకాల ఈ రోజు ఎవరు నిలబడి ఉన్నారు?

ఇక్కడ ఒక సంగతి విడమర్చి చూడాలి. మనకు ఆ కుర్చీ ఇప్పించినవాటిలో చట్టం ఉంది, పోరాటం ఉంది, పైసా కూడా ఉంది. పైసాకు కులం లేదు. అది ఎవరి చేతిలోంచి వచ్చినా గల్లాలో ఒకేలా పడుతుంది. అందుకే అణగిన ప్రజలకు అది ఒక ఆసరా అయింది. కాని పైసాకు కులం లేనట్టే కన్ను కూడా లేదు. బిల్లు కట్టేవాడి కులాన్ని చూడని పైసా, ప్లేటు కడిగేవాడి వయసును కూడా చూడదు. వాడు పొద్దున ఎన్ని గంటలకు లేచాడో, జీతం అందిందో లేదో, ఏమి తిన్నాడో చూడదు. పైసా చూడలేనిది మనిషి చూడాలి. "నేను బిల్లు కట్టాను, నా బాధ్యత తీరింది" అన్నవాడు తన కన్నును కూడా గల్లాలో వేసి వచ్చినట్టే. బిల్లుతో మనం కొన్నది దోసె, చాయ్, కాసేపు కూర్చునే చోటు. ఎదుటివాడి గౌరవాన్ని తగ్గించే హక్కు ఆ బిల్లులో ఏ వరసలోనూ రాసి ఉండదు.

మన నోటి సంగతే తీసుకోండి. తెల్లజుట్టు సర్వర్‌ను "ఏయ్" అని, చిటికె వేసి పిలిచే నోరే ఆదివారం పూజ తరువాత "వందనాలు ఫాదర్" అని ఎంతో వినయంగా పలుకుతుంది. మన తెలంగాణలో ముక్కూమొహం తెలియనివాడిని కూడా "అన్నా" అనో "తమ్మీ" అనో వరస పెట్టి పిలిచే అలవాటు ఉంది. హోటల్ గడప దాటగానే ఆ వరస ఎక్కడికి పోతుంది? ఇప్పుడు పట్నం హోటళ్లలో బల్లలు తుడిచేవాళ్లలో ఒడిశా నుంచి, బీహారు నుంచి, అస్సాం నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు తెలుగు సరిగా రాదని కొందరు నవ్వుకుంటారు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి మట్టి మోసినప్పుడు వాళ్లకు అక్కడి భాషలు వచ్చా? వలస బాధ తెలిసిన ప్రాంతం మనది. మన బల్ల దగ్గర నిలబడ్డ వలస కూలీని మనమే చిన్నచూపు చూస్తే, ఆ బాధ మనకు ఏమి నేర్పినట్టు?

అన్నిటికంటే బరువైన ప్రశ్న పిల్లలది. 1986 నాటి బాలకార్మిక చట్టం కింద 2006 అక్టోబరు 10 నుంచి హోటళ్లలో, ధాబాల్లో, చాయ్ దుకాణాల్లో, ఇంటి చాకిరీలో 14 ఏళ్లలోపు పిల్లలను పెట్టుకోవడం నిషేధమయింది. 2016లో చేసిన సవరణతో ఆ వయసు పిల్లలను, తమ కుటుంబ పనుల్లో చదువుకు అడ్డం రాకుండా సాయపడటంవంటి మినహాయింపులు తప్ప, ఏ పనిలోనూ పెట్టుకోకూడదని తేల్చారు. అయినా ఎక్కడో ఒకచోట, దారిలో దిగిన చిన్న హోటల్లో, పన్నెండేళ్ల పిల్లవాడు ఎంగిలి ప్లేట్లు ఎత్తుతూ కనబడతాడు. ఆ ప్లేటు మన పిల్లవాడి ముందునుంచే ఎత్తుతాడు. ఇద్దరిదీ ఒకే వయసు. పంక్తిలో ఇంతకన్నా వలపక్షం ఉంటుందా?

"చెబితే వాడి పొట్ట కొట్టినట్టవుతుంది, వాళ్ల అమ్మ ఆ జీతం మీదే బతుకుతుందేమో" అని చాలామంది జాలిపడి ఊరుకుంటారు. ఈ మాటను తేలికగా తీసేయకూడదు, ఆకలి నిజమే. కాని ఆ జాలి వల్ల ఎవరికి మేలు జరిగిందో చూడండి. పిల్లవాడు తొట్టి దగ్గరే ఉన్నాడు, యజమానికి చవక కూలి దొరికింది, మనకు చాయ్ వేళకు వచ్చింది. మన జాలి మనకే సౌకర్యమయింది. బీదవాళ్లు పిల్లలను బడికి పంపరన్న మాట కూడా పూర్తి నిజం కాదు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చుకొని, బడికి తయారుచేసి చూపించారు. అవకాశం కనబడినప్పుడు కూలి తల్లిదండ్రులే ముందుకు వచ్చారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం లభించింది. మనం పిల్లవాడితో నాలుగు మాటలు మాట్లాడవచ్చు, యజమానిని మర్యాదగా అడగవచ్చు, 1098కి ఫోన్ చేయవచ్చు. మన మేత్రాసనంలో బడులు నడుపుతున్న గురువులకు, మఠకన్యలకు తెలియజేయవచ్చు. పిల్లవాడిని పని మాన్పించి వదిలేయకుండా బడి దాకా చేర్చే బాధ్యత అప్పుడు మనందరిదీ అవుతుంది. అది చాయ్ డబ్బులతో తీరే బాధ్యత కాదు.

ఇప్పుడు బల్లే మన ఇంటికి వస్తోంది. ఫోన్‌లో నొక్కితే సంచీ వీపుకు తగిలించుకొని ఒక కుర్రవాడు గుమ్మంలో నిలబడుతున్నాడు. వర్షంలో తడిసి వచ్చినవాడికి, పది నిమిషాలు ఆలస్యమయిందని ఫోన్‌లో తక్కువ గుర్తు పెట్టేముందు, ఒక గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వండి. మనం వాడే గ్లాసులోనే ఇవ్వండి.

ఇంటి పంక్తిని కూడా మరచిపోకూడదు. రోజూ అందరికీ వడ్డించి, చివర అడుగున మిగిలింది తినే అమ్మకు నెలకొక పూట ఎవరో వండింది వేడివేడిగా ముందుకు వస్తే, అది దుబారా అని నేను అనలేను. అయితే హోటల్‌కు తీసుకువెళ్లి కూడా "నీకేం కావాలి?" అని ఆమెను చివర అడిగితే వంటింటి వలపక్షాన్నే పట్నానికి మోసుకుపోయినట్టు. ముందు ఆమెను అడగండి. నడవలేక ఇంట్లోనే ఉండిపోయిన ముసలివాళ్లకు మిగిలింది కట్టించకుండా, వాళ్లకు ఇష్టమైనది అడిగి తెలుసుకొని పార్సిల్ తీసుకువెళ్లండి.

తినగలిగినంతే తెప్పించుకోవడం కూడా ఇందులో భాగమే. 2022 సంవత్సరంలో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేసిందని, అందులో నాలుగోవంతుకు పైగా హోటళ్లవంటి చోట్ల జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క తేల్చింది. అయిదింట మూడు వంతులు మాత్రం ఇళ్లలోనే పారేస్తున్నామట! అన్నం పారేయడమంటే బీదవాడి బల్ల మీద నుంచి దొంగిలించడమేనన్న భావాన్ని ఫ్రాన్సిస్ పాపుగారు 2013 జూన్‌లో స్పష్టంగా చెప్పారు. భోజనానికి ముందూ తరువాతా దేవునికి కృతజ్ఞత చెప్పే మంచి అలవాటును తిరిగి తెచ్చుకోమని 2015లో వెలువరించిన 'లౌదాతో సీ'లో కోరారు. ఆ ప్రార్థనలో పంట పండించినవాళ్లను, వంట చేసినవాళ్లను కూడా తలచుకోమన్నది ఆయన భావం. ఇంట్లో సిలువ గుర్తు వేసుకొని తినేవాళ్లం హోటల్లో ఎందుకు సిగ్గుపడతాం? ఒక్క క్షణం కళ్లు మూసుకొని, వంటశాలలో పొగకు కళ్లు మండుతున్న మనిషిని తలచుకొని ముద్ద ఎత్తుకోండి. ఆ తరువాత సర్వర్‌ను చిటికె వేసి పిలవడం కష్టమవుతుంది.

ఇన్ని మాటలు హోటళ్లను గురించి చెప్పి మన విచారణ పండుగలను గురించి చెప్పకపోతే అది కూడా వలపక్షమే. పండుగ నాడు పందిరిలో ఏమి జరుగుతుంది? ముఖ్య అతిథులకు తెల్లగుడ్డ పరిచిన బల్ల, కుర్చీలు, అడిగి అడిగి వడ్డన. విశ్వాసులకు ఎండలో వరస, చేతిలో ప్లేటు. వంట చేసిన అక్కలకు, ఆకులు ఎత్తిన తమ్ముళ్లకు అందరూ వెళ్లిపోయాక చల్లారిన అన్నం, అడుగంటిన కూర. ఎవరూ దురుద్దేశంతో చేయరు, అలవాటుగా జరిగిపోతుంది. చూరు కింద గ్లాసు కూడా చాలామందికి అలవాటుగానే కనిపించింది. ఈసారి పండుగకు వంటవాళ్లను, తుడిచేవాళ్లను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, విచారణ పెద్దలు, వీలైతే గురువులే వడ్డిస్తే ఎలా ఉంటుంది? ఖర్చు ఒక్క రూపాయి కూడా పెరగదు.

కడరా భోజనంనాడు తమలో గొప్పవాడెవరని శిష్యులు వాదులాడుకున్నారు. బల్ల దగ్గర కూర్చున్నవాడు గొప్పా, వడ్డించేవాడు గొప్పా అని ప్రభువు వాళ్లను అడిగాడు. లోకం దృష్టిలో కూర్చున్నవాడే గొప్ప. తాను మాత్రం వాళ్ల మధ్య వడ్డించేవాడిగా ఉన్నానన్నాడు. లూకా సువార్త 22వ అధ్యాయం తీసి చదవండి. ఆ మాట నిజమని నమ్మేవాళ్లం గనుక, ఈసారి హోటల్లో మన బల్ల తుడవడానికి ఎవరైనా వచ్చినప్పుడు తల ఎత్తి ముఖం చూద్దాం. ప్రభువు ఏ వైపు నిలబడతానన్నాడో మనకు ముందే చెప్పి ఉంచాడు.